ఎమ్యులేటర్లు ఉండగా పాత ఎనిమిది బిట్ల కంప్యూటర్లు సేకరించి అప్‌గ్రేడ్ చేసుకోవడంలో అర్థం ఉందా? ఉంటే దేనితో మొదలుపెట్టాలి?

ఆటలు ఆడుకోవడానికే అయితే అర్థం లేదు. పాత యంత్రాన్ని కొత్త కంప్యూటర్ మీద అనుకరించే ప్రోగ్రామ్, అదే ఎమ్యులేటర్, చాలు. ఖర్చు లేదు, దుమ్ము లేదు, ఇంట్లో వాళ్లతో గొడవ లేదు. నా దగ్గర పదకొండు యంత్రాలు ఉన్నాయి. వాటిలో దేని మీదనైనా ఒక ఆట మొదలుపెట్టి చివరిదాకా ఆడి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు. కాబట్టి ఈ సరదాను ఆటల పేరు చెప్పి సమర్థించే వాళ్లను నమ్మకండి. మేము ఆడం. విప్పుతాం, బిగిస్తాం, స్విచ్ వేసి ఊపిరి బిగబట్టి తెర వంక చూస్తాం.

మీ రెండో ప్రశ్నకు చివర్లో వస్తాను, మరచిపోకపోతే. మొదటిదానికి జవాబు చెప్పాలంటే ముందు నా స్పెక్ట్రమ్ సంగతి చెప్పాలి.

1982లో సింక్లెయిర్ సంస్థ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌ను రెండు రకాలుగా విడుదల చేసింది. ఒకదానికి 16 కిలోబైట్ల మెమరీ, రెండోదానికి 48. పైకి చూస్తే అవే రబ్బరు మీటలు, అదే నల్ల పెట్టె, మూల అవే నాలుగు రంగుల చారలు. నాకు దొరికింది 16. తెలిసిన పెద్దాయన ఒకరు అటక సర్దుకుంటూ, "పారేద్దామనుకుంటున్నాను బాబూ, నీకేమైనా పనికొస్తుందా?" అని అడిగారు. పనికొస్తుందని చెప్పి, ఆయన మనసు మారేలోపు చంకలో పెట్టుకుని వచ్చేశాను.

మూత తీయగానే మొదటి నష్టం జరిగింది. మీటల అడుగున ఉండే పలుచటి పొర నుంచి రెండు సన్నని ప్లాస్టిక్ పట్టీలు బోర్డు మీది సాకెట్లలోకి దిగుతాయి. ఇన్నేళ్లకు అవి ఎండు తాటాకులైపోయాయి. మూత ఒక అంగుళం ఎక్కువ ఎత్తాను, పటుక్కుమంది. ఆ పొరలను ఇప్పటికీ కొత్తగా తయారు చేసేవాళ్లు ఉన్నారని ఆ తరువాత తెలిసింది. ఈ వ్యవహారం మొత్తంలో నాకు మానవజాతి మీద గౌరవం పెంచిన విషయం అదొక్కటే.

సరే, బోర్డు. 16 కిలోబైట్ల స్పెక్ట్రమ్ బోర్డు, 48 బోర్డు ఒకటే. పై 32 కిలోబైట్ల చిప్పులు ఉండవలసిన చోటు మాత్రం ఖాళీగా వదిలేశారు. నా బోర్డులో సాకెట్లు కూడా బిగించి సిద్ధంగా ఉన్నాయి, విస్తళ్లు వేసి వడ్డించడం మానేసినట్టు. ఆ పై 32 విషయంలో సింక్లెయిర్ చేసిన పని నాకు చాలా ఇష్టం. అప్పట్లో 64 కిలోబిట్ల చిప్పులు ఖరీదు. తయారీలో ఒక సగం పాడై, రెండో సగం బాగున్న చిప్పులు చవకగా వచ్చేవి. వాళ్లు అవే కొని, ఏ సగం బాగుందో యంత్రానికి తెలియడానికి బోర్డు మీద ఒక తీగ లంకె పెట్టారు. సగం చచ్చిన ఎనిమిది చిప్పులతో నిండు కంప్యూటర్! ఈ రోజు ఎవరైనా అలా చేస్తే మోసం అంటారు. నేను పొదుపు అంటాను.

అప్‌గ్రేడ్ చేయడానికి కావలసింది ఎనిమిది మెమరీ చిప్పులు, వాటికి చిరునామాలు అందించే నాలుగు చిన్న లాజిక్ చిప్పులు: ఒక 74ఎల్ఎస్00, ఒక 74ఎల్ఎస్32, రెండు 74ఎల్ఎస్157. ఆపైన ఆ తీగ లంకె. నేను తెచ్చుకున్నవి 4164లు, అంటే రెండు సగాలూ బాగున్నవి. అందులో సగం ఎప్పటికీ వాడకుండానే పడి ఉంటుంది. గంటలో పన్నెండూ గుచ్చేశాను. బీరాలు పలకడానికి ఒక స్నేహితుణ్ని కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను.

స్పెక్ట్రమ్‌కు ఒక మంచి అలవాటు ఉంది. స్విచ్ వేసిన ప్రతిసారీ తన మెమరీని కింది నుంచి పైకి గడి గడి తడిమి చూసుకుంటుంది. ఎక్కడ తేడా కనిపిస్తే అక్కడ ఆగి, చివరి మంచి గడి చిరునామాను 23732, 23733 గడుల్లో రాసి పెట్టుకుంటుంది. ప్రింట్ పీక్ 23732+256*పీక్ 23733 అని కొడితే ఆ సంఖ్య తెర మీదకు వస్తుంది (పీక్ అంటే ఫలానా గడిలో ఏముందో చదివే ఆజ్ఞ). 16 అయితే 32767. 48 అయితే 65535. ఆ పీక్ అనే మాటను అక్షరం అక్షరం కొట్టనివ్వదు ఈ యంత్రం. రెండు షిఫ్టు మీటలూ కలిపి నొక్కి, వదిలి, ఆపైన ఇంగ్లిషు O అక్షరం మీట నొక్కాలి. ఆ రబ్బరు మీటల మీద, అతుకు వేసిన పట్టీతో, ఆ ఒక్క వాక్యం కొట్టడానికి రెండు నిమిషాలు పట్టింది.

32767.

స్నేహితుడు మర్యాదస్తుడు. "ఇది మంచి సంఖ్యేనా?" అని అడిగాడు.

మూడు రాత్రులు పట్టింది. మొదటి రాత్రి లాజిక్ చిప్పులు తారుమారయ్యాయేమోనని తీసి మళ్లీ పెట్టాను. రెండో రాత్రి లంకె తప్పేమోనని తీగ ఊడబీకి రెండో వైపు వేశాను, మళ్లీ మొదటి వైపు వేశాను. చిప్పులు అమ్మిన వాడిని మనసులో నానా మాటలూ అన్నాను. పాపం, అతని తప్పేమీ లేదు. మూడో రాత్రి ఓల్టేజీలన్నీ సరిగ్గా ఉన్నాయని మూడోసారి కొలిచి, ఇక చేసేదేమీ లేక, టార్చిలైటు నోట్లో పెట్టుకుని భూతద్దంతో బోర్డును పక్కవాటుగా చూశాను. ఆరో మెమరీ చిప్పు దగ్గర ఒక కాలు సాకెట్లోకి దిగలేదు. గుచ్చేటప్పుడు మడతపడి చిప్పు పొట్ట కిందికి ముడుచుకుపోయింది, బాసింపట్టు వేసుకున్నట్టు. పైనుంచి చూస్తే పదహారు కాళ్లూ సక్రమంగానే ఉన్నట్టు కనిపిస్తాయి.

బయటికి తీసి పట్టకారుతో నిటారు చేశాను. విరిగింది. విరగక ఏం చేస్తుంది! ఒక రెసిస్టర్ కాలు కత్తిరించి, మిగిలిన మొండికి టంకం వేసి, చల్లారేదాకా ఆగి, గుచ్చి, స్విచ్ వేశాను.

65535.

అర్ధరాత్రి దాటింది. చెప్పుకోవడానికి మేలుకున్న మనిషి లేడు. ఆ సంఖ్యను ఫోటో తీసి స్నేహితుడికి పంపాను. పొద్దున "ఇది మంచి సంఖ్య అనుకుంటా" అని జవాబు వచ్చింది.

మీ ప్రశ్నకు నా జవాబు ఆ కాలులోనే ఉంది. ఆ ఎనిమిది చిప్పుల్లో ఒక్కొక్కటి ప్రతి బైటులోనూ ఒక్కొక్క బిట్టును మోస్తుంది. ఒకటి మానేస్తే మిగిలిన ఏడూ ఎంత బాగున్నా 32 కిలోబైట్లూ పోయినట్టే. పల్లకీ మోసేవాళ్లలో ఒకడు కూలబడితే పల్లకీ ఎనిమిదో వంతు నెమ్మదిగా నడవదు, మొత్తం ఆగిపోతుంది. ఈ సంగతి పుస్తకంలో చదివితే ఒక వాక్యం. మూడు రాత్రులు వెతికి, వేలితో తాకి, "ఇదిగో, ఇక్కడ" అంటే వేరు. ఎమ్యులేటర్‌లో ఏ కాలూ మడతపడదు. నా ఫోనులో మెమరీ పాడైతే అది ఎక్కడుందో కూడా చూపించలేను. ఎనిమిది బిట్ల యంత్రంలో ప్రతి జబ్బుకూ ఒక చిరునామా ఉంటుంది.

ఇదే కొలబద్దతో అప్‌గ్రేడ్‌లను నేను రెండు కుప్పలు చేస్తాను. యంత్రం మీకు ఇంకాస్త అర్థమయ్యేట్టు చేసేవి మంచివి. మెమరీ పెంచడం మంచిది. స్పెక్ట్రమ్‌లో బొమ్మను టీవీ ఛానెల్ సంకేతంగా మార్చే మాడ్యులేటర్‌ను తప్పించి, బోర్డు మీది అసలు వీడియో సంకేతాన్నే (కాంపోజిట్) నేరుగా సాకెట్‌కు ఇవ్వడం చాలా మంచిది. బొమ్మ ఒక్కసారిగా కడిగిన ముత్యంలా వస్తుంది. ఓల్టేజీని 5 దగ్గర నిలుపుతూ వేడికి సలసలలాడే 7805 రెగ్యులేటర్‌ను తీసి చల్లగా ఉండే స్విచ్చింగ్ రకం పెట్టడం, ఎండిపోయిన కెపాసిటర్లు మార్చడం, ఇవన్నీ సరే.

రెండో కుప్ప: ఒక మెగాహెర్ట్జ్ యంత్రం వెనక ఒక గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌ను తగిలించి "అప్‌గ్రేడ్" అనడం. ఆ కాలపు ఇంకో ఇంటి కంప్యూటర్ కమొడోర్ 64 ఉన్నవాళ్లు దీనిలో సిద్ధహస్తులు. వాళ్ల 1541 డిస్కు డ్రైవే నిజానికి ఒక కంప్యూటర్. దానికి సొంత 6502 ప్రాసెసర్, సొంతంగా 2 కిలోబైట్ల మెమరీ ఉన్నాయి. అంత బుర్ర ఉండి కూడా అది సెకనుకు 400 బైట్ల లోపే అందిస్తుంది. దాన్ని అనుకరించడానికి ఇప్పుడు రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే ఆధునిక కంప్యూటర్ బోర్డు పెడుతున్నారు. బంట్రోతు పనికి చక్రవర్తిని కుదుర్చుకోవడం! ఆ చక్రవర్తి ఒక్కడే కూర్చుని ఆ కమొడోర్‌ను కూడా పూర్తిగా అనుకరించగలడు. అప్పుడు బల్ల మీది ఆ గోధుమరంగు పెట్టె ఎందుకు?

ఇంత తిట్టి, నా కమొడోర్‌కు కూడా ఒక ఎస్‌డీ కార్డు పరికరం తగిలించి ఉందని దాచడం న్యాయం కాదు. ఉంది. క్యాసెట్ నుంచి స్పెక్ట్రమ్‌లో 48 కిలోబైట్ల ఆట ఎక్కడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. చివరి నిమిషంలో లోపమని చెప్పి ఆగిపోతుంది. అందులో పవిత్రత ఉందనేవాళ్లు ఉన్నారు. నాకు వయసు మళ్లుతోంది.

పసుపు రంగు గురించి కూడా చెప్పాలి, మీరు అడగకపోయినా. పాత ప్లాస్టిక్ పెట్టెలు పచ్చబడతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే తెల్లబడతాయి. దీన్ని కొందరు పునరుద్ధరణ అంటారు. సమంగా పూయకపోతే పులి చారలు పడతాయి, కొన్నాళ్లకు ఎలాగూ మళ్లీ పచ్చబడుతుంది. లోపల కెపాసిటర్లు ఉబ్బి ఉంటాయి, వాటి వైపు ఎవరూ చూడరు. ఇల్లు కారుతుంటే గడపకు పసుపు రాసినట్టు. వీళ్లకు పెద్దన్నలు సీలు తీయని పెట్టెలు అద్దాల బీరువాలో దాచేవాళ్లు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ వాడకపోయినా చెడిపోతుందని, కరెంటు తగలకపోతే లోపలి ఆక్సైడు పొర బలహీనపడుతుందని వీళ్లకు ఎవరు చెబుతారు? పని చేస్తుందో లేదో తెలియని యంత్రాన్ని ప్రాణంలా చూసుకోవడం నాకు అర్థం కాదు.

కమొడోర్ శబ్దాల చిప్పు సిడ్ గురించి మొదలుపెడితే తెల్లవారుతుంది. ఒక్క ముక్క: మొదటి రకం 6581 నడిచేది 12 వోల్టుల మీద, తరువాతి 8580 నడిచేది 9 వోల్టుల మీద. రెండూ చూడటానికి కవలల్లా ఉంటాయి. ఒకదాని చోట ఇంకొకటి పెట్టే ముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి. పైగా వేరే చిప్పు మీద అక్షరాలు చెరిపి సిడ్ అని అచ్చు గుద్ది అమ్మేవాళ్లకూ లోటు లేదు.

ఇక దేనితో మొదలుపెట్టాలి అంటే, స్పెక్ట్రమ్‌తో. నా పక్షపాతం తెలిసిందే కాబట్టి కారణం కూడా చెబుతాను. అందులో బయట దొరకని చిప్పు దాదాపు ఒక్కటే, స్పెక్ట్రమ్ కోసమే చేయించిన యూఎల్ఏ. మిగిలినవన్నీ అంగట్లో సరుకు. 1976లో వచ్చిన జెడ్80 ప్రాసెసర్‌కు 2024 దాకా ఆర్డర్లు తీసుకున్నారు. అదే కమొడోర్ అయితే బొమ్మకు ఒకటి, శబ్దానికి ఒకటి, ఏ చిప్పు ఎప్పుడు పలకాలో చెప్పే పీఎల్ఏ ఒకటి, అన్నీ వాళ్లు సొంతంగా చేయించుకున్నవే. ఒకటి పోయి, అసలు చిప్పే కావాలంటే ఇంకో కమొడోర్‌ను చంపి తెచ్చుకోవాలి.

కొనేముందు మల్టీమీటర్ కొనండి. కమొడోర్ 64 పాత పవర్ అడాప్టర్‌లో రెగ్యులేటర్ పాడైతే 5 వోల్టులు రావలసిన చోట అంతకు మించి వస్తాయి, ముందు మెమరీ చిప్పులు కాలతాయి. ఇది అందరికీ తెలిసిన జబ్బు, అయినా కొలవకుండా గుచ్చేవాళ్లే ఎక్కువ. స్పెక్ట్రమ్ ప్లగ్గులో మధ్యలోది మైనస్. ఇప్పటి అడాప్టర్లలో ఎక్కువ భాగం మధ్యలోది ప్లస్. స్పెక్ట్రమ్ మెమరీలో మొదటి 16 కిలోబైట్లను మోసే 4116 చిప్పులకు 5, 12, మైనస్ 5, మూడు ఓల్టేజీలూ ఉండాలి. మైనస్ 5 రాకుండా 12 మాత్రం వస్తే చిప్పులు పోతాయి. వెనక అంచుకు ఏదైనా తగిలించేటప్పుడు, తీసేటప్పుడు కరెంటు ఆపండి.

చిప్పులు గుచ్చాక పైనుంచి చూసి తృప్తి పడవద్దు, పక్కనుంచి వెలుతురు వేసి ప్రతి కాలూ లెక్కపెట్టండి. మూత ఎత్తేటప్పుడు ఒక్క అంగుళం చాలు. ముందు లోపలికి వేళ్లు పోనిచ్చి రెండు పట్టీలనూ సాకెట్ల నుంచి నిటారుగా లాగండి, తరువాత మూత.