కోవిడ్ వల్ల కిడ్నీ మార్పిడి వాయిదా: సమాధానం

గాజువాకలో డయాలసిస్‌పై ఉన్న మీ నాన్నగారికి అమ్మగారి కిడ్నీ అమర్చే ఆపరేషన్‌ను విశాఖ ఆసుపత్రి వాయిదా వేసిందని, ఇది నిర్లక్ష్యమేమోనని అడిగారు. నాకైతే అలా అనిపించడం లేదండీ. 2020 లాక్‌డౌన్‌లోనూ చాలాచోట్ల ఇదే పద్ధతి: కాలేయం, గుండె విఫలమైనవారు ఆగలేరు కనుక ఉన్న కొద్ది ఐసీయూ పడకలు వారికి ఉంచి, డయాలసిస్‌తో నెట్టుకు రాగలవారిని ఆపారు. పైగా మార్పిడి తర్వాత వాడే టాక్రోలిమస్ వంటి మందులు రోగనిరోధక శక్తిని అణచివేస్తాయి కాబట్టి, తొలి వారాల్లో వైరస్ సోకితే ప్రమాదం ఎక్కువ.

ఆ మందులు మొదలయ్యాక టీకా అంతగా పనిచేయదు గనుక, డాక్టరుగారిని అడిగి ఇప్పుడే వేయించండి. డయాలసిస్ ఒక్కసారి కూడా మాన్పించవద్దు. ఈలోగా ఆయనకు రక్తం ఎక్కిస్తే తప్పక చెప్పండి. క్రాస్‌మ్యాచ్ (అమ్మగారి కిడ్నీని ఆయన శరీరం తిరస్కరిస్తుందేమో ముందుగా చూసే రక్తపరీక్ష) మళ్లీ చేయాల్సి ఉంటుంది.