కోపం బయటికి వదలమన్నది నేనే, తప్పు నాదేనా?

ప్రశ్న: మా పిన్ని కొడుకు అమీర్‌పేట హాస్టల్‌లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నాడు. వట్టి మెతక. రూమ్మేట్లు అప్పు తీసుకుని తిరిగివ్వరు, బట్టలు కూడా వాడి చేతే ఉతికిస్తారు. చూడలేక, "మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధేస్తుందిరా, నీలోని రాక్షసుణ్ని ఒక్కసారి బయటికి వదులు" అన్నాను. రెండు వారాలకు ఒకణ్ని స్టీలు గ్లాసుతో తలమీద కొట్టాడు. మూడు కుట్లు పడ్డాయి. "నువ్వే కదన్నా చెప్పింది" అంటున్నాడు. బాధ్యత నాదేనా?
– ఓ పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కొట్టిన చెయ్యి అతనిది, దెబ్బకు జవాబుదారీ అతనే. అయినా మీ వాటా చిన్నదేం కాదు. గట్టిగా అడగమని మీ ఉద్దేశం, కొట్టమని అతనికి అర్థమైంది. మిమ్మల్ని నమ్మే చిన్నవాడికి ఏం చెయ్యాలో చెప్పకుండా రాక్షసుడివి కమ్మంటే, మిగతాది అతని కోపమే పూరించుకుంటుంది.

ఫలానా నేరం చెయ్యమని పురిగొల్పడం భారతీయ న్యాయ సంహిత 45వ సెక్షన్ ప్రకారం ప్రేరేపణ. మీ మాట అంతదాకా పోయినట్టు లేదు. కానీ చట్టం వదిలేసినంత మాత్రాన మీ పని అయిపోలేదు.

వెళ్లగక్కితే కోపం తీరుతుందన్న నమ్మకమే తప్పు. 2002లో అమెరికా మనస్తత్వవేత్త బ్రాడ్ బుష్‌మన్ ప్రచురించిన ప్రయోగంలో, కోపం తెప్పించిన మనిషిని తలచుకుంటూ బాక్సింగ్ సంచిని గుద్దిన విద్యార్థులకే ఎక్కువ కోపం మిగిలింది. ఊరికే కూర్చున్నవాళ్లు తక్కువ దూకుడు చూపారు.

ఈ ఆదివారమే వెళ్లి ఎదురుగా మాట్లాడండి. ఫోన్లో అయితే "సరే అన్నా" అని పెట్టేస్తాడు. "రాక్షసుణ్ని వదలమన్నది నా తప్పు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. నీ డబ్బు నువ్వు అడగడం మాత్రం తప్పు కాదు" అనండి. రెండో వాక్యం మరిచిపోతే మళ్లీ బట్టలుతకడానికి వెళ్లిపోతాడు. "నీ మంచికే చెప్పా" అని మాత్రం అనకండి.

తర్వాత దెబ్బ తిన్న అబ్బాయి దగ్గరికి ఇద్దరూ వెళ్లండి. క్షమాపణ మీ తమ్ముడి నోటి నుంచే రావాలి, మీరు అందుకోవద్దు. ఆసుపత్రి ఖర్చులో సగం మీరు పెట్టుకోండి.

ఇక అడగడం నేర్పండి. "నీకిచ్చిన రెండు వేలు ఈ నెల 10లోగా కావాలి." ఒక విషయం, ఒక మొత్తం, ఒక తేదీ. "నువ్వెప్పుడూ ఇంతే" లాంటివి కలపకూడదు. మీ ముందే నాలుగైదుసార్లు పైకి అనిపించండి, గొంతు పెరిగితే ఆపి మళ్లీ మొదలుపెట్టించండి. అయినా ఇవ్వకపోతే వార్డెన్‌కు చెప్పి గది మార్పించుకోవాలి.

నిద్ర పట్టడం లేదన్నా, ఇంకా పగ గురించే మాట్లాడుతున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయించండి, ఉచితం. ఎవరినైనా చంపుతాననో, చస్తాననో అంటే ఒంటరిగా వదలకండి, ఆలస్యం చేయకుండా 112కు ఫోన్ చేయండి. మన ఇంటి విషయం బయటికెందుకని దాచకండి.