క్వారీకి గన్‌పౌడర్ కొనబోయే అల్లుడికి మామయ్య లేఖ

గుంటూరు.

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఫిరంగిపురం వైపు రాతి క్వారీ లీజు నీ పేరున వచ్చిందని మీ అమ్మ చెప్పగానే ఎంతో సంతోషించాను. ఆ తరువాత నువ్వు ఫోనుచేసి, గన్‌పౌడర్ కొనాలంటే ఏ గుర్తింపు కార్డు చూపించాలి, ఆధార్ సరిపోతుందా అని అడిగావు. ఫోనులో ముక్తసరిగా చెప్పి ఊరుకోదగిన విషయం కాదు. క్వారీలలో మందుగుండు లెక్కలు చూస్తూ ఉద్యోగం చేసినవాణ్ణి కనుక నాకు తెలిసినదంతా ఉత్తరంగా రాస్తున్నాను, నిదానంగా చదువు.

ఆధార్ చూపిస్తే సిమ్ కార్డు ఇస్తారు గానీ పేలుడు మందు ఇవ్వరు. ఈ వ్యాపారంలో నీ గుర్తింపు నీ లైసెన్సే. అమ్మేవాడు తెలుసుకోవలసింది నువ్వు ఎవరన్నది ఒక్కటే కాదు, ఆ సరుకును ఎక్కడ ఉంచుతావు, ఎంత ఉంచుతావు, ఏ పనికి వాడతావు, ఎవరి చేత పేల్పిస్తావు అన్నవి కూడా. వీటన్నిటికీ జవాబు ఒకే కాగితం మీద, అధికారి సంతకంతో ఉండాలని 1884 నాటి పేలుడు పదార్థాల చట్టమూ, దాని కింద 2008లో వచ్చిన నియమాలూ చెబుతున్నాయి. ఈ నియమాలను అమలుచేసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థను అందరూ పెసో అంటారు. దాని ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది, కేంద్ర వాణిజ్య పరిశ్రమల మంత్రిత్వ శాఖ కింద పనిచేస్తుంది. దరఖాస్తులు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే తీసుకుంటారు కాబట్టి, ఎవరో మధ్యవర్తి నాగపూర్ వెళ్లి పని చేయించుకొస్తానంటే నమ్మి డబ్బు చేతిలో పెట్టకు.

2008 నియమాలు పేలుడు పదార్థాలను తరగతులుగా విడదీశాయి. గన్‌పౌడర్ మొదటి తరగతి. నైట్రేట్ మిశ్రమాలు రెండో తరగతి, మందును పేల్చడానికి వాడే డిటోనేటర్ల వంటివి ఆరో తరగతి, దీపావళి బాణాసంచా ఏడో తరగతి. లైసెన్సు మీద తరగతి పేరు, ఒకేసారి ఎంత నిల్వ ఉండవచ్చునన్న పరిమాణం స్పష్టంగా రాసి ఉంటాయి. మొదటి తరగతి మాత్రమే రాసి ఉన్న కాగితంతో రెండో తరగతి సరుకు గానీ డిటోనేటర్లు గానీ కొనడం కుదరదు. దరఖాస్తు పెట్టేటప్పుడే నీ రాయికి ఏది కావాలో రాయి పేల్చడంలో అనుభవం ఉన్న బ్లాస్టర్‌ను కూర్చోబెట్టుకుని తేల్చుకో. తరువాత మార్పించుకోవాలంటే మళ్లీ పటాలు, మళ్లీ తనిఖీ, మళ్లీ ఎదురుచూపు తప్పవు. పరిమాణాన్ని బట్టి లైసెన్సు ఇచ్చే అధికారి కూడా మారతాడు. గొప్పకు పోయి ఎక్కువ పరిమాణం అడగకు, ఎందుకంటే నిల్వ పెరిగిన కొద్దీ ఇళ్ల నుంచి, రోడ్డు నుంచి వదలవలసిన దూరమూ పెరుగుతుంది. నీ లీజుకు దగ్గరలో నరసరావుపేట రోడ్డు ఉంది, రైలు పట్టాలూ ఉన్నాయి. మ్యాగజైను, అంటే మందు నిల్వ ఉంచే గది, కట్టే చోటును నిర్ణయించేది నీ ఇష్టం కాదు, ఆ దూరాలే.

జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టరు ఇచ్చే నిరభ్యంతర పత్రం సంగతి ఒకటి ఉంది. గుంటూరు జిల్లాలో ఆ దరఖాస్తు కలెక్టరేటుకు వెళుతుంది. అక్కడి నుంచి పోలీసు, రెవెన్యూ శాఖలు విచారించి నివేదికలు పంపుతాయి. విజయవాడ కమిషనరేట్ పరిధిలో స్థలం ఉన్నవాళ్లకు మాత్రం, పోలీసు కమిషనర్ ఉన్నచోట జిల్లా మేజిస్ట్రేట్ అంటే ఆయనే అని చట్టంలోనే ఉంది. కొండపల్లి వైపు క్వారీ చేసే నీ స్నేహితుడు తన ఫైలు నడిచిన దారి చెబితే, నీ ఫైలు కూడా అదే దారిలో నడుస్తుందనుకోకు. 2022లో జిల్లాలు విడిపోయాక మరో చిక్కు వచ్చింది. పాత లీజు కాగితాలలో గుంటూరు జిల్లా అని ఉన్న గ్రామాలు కొన్ని ఇప్పుడు పల్నాడులో, కొన్ని బాపట్లలో ఉన్నాయి. నీ సర్వే నంబరు ఏ మండలం, ఏ జిల్లా కిందకు వస్తుందో తహశీల్దారు కార్యాలయంలో అడిగి, అన్ని కాగితాలలో అదే రాయించు.

ఇక గుర్తింపు పత్రాలు. ఫొటో ఉన్న గుర్తింపు, చిరునామా రుజువు, పాన్, గనుల శాఖ ఇచ్చిన లీజు ప్రతి, స్థలం పటం, మ్యాగజైను నక్షా, ఫొటోలు కావాలి. ఇవి దొరకనివేమీ కావు. ఫైళ్లు ఎక్కువగా ఆగిపోయేది పేరు దగ్గర. మన వాళ్ల ఇంటిపేరు ఒక కార్డులో పొడి అక్షరంగా, ఇంకో కార్డులో పూర్తిగా, మూడో దానిలో పేరు చివరన ఉంటుంది. పాన్‌లో ఉన్న తండ్రి పేరు, లీజులో ఉన్న తండ్రి పేరు ఒక్క అక్షరం తేడా వచ్చినా విచారణకు వచ్చిన అధికారి ఇద్దరు మనుషులా అని అనుమానిస్తాడు, అనుమానించడం ఆయన విధి కూడా. కనుక దరఖాస్తుకు ముందే ఆధార్, పాన్, లీజు, బ్యాంకు ఖాతా నాలుగింటిలోనూ పేరు ఒకే తీరుగా ఉండేట్టు సరిచేయించుకో. నోటరీ అఫిడవిట్ పెట్టి నెట్టుకొద్దామని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. అది తాత్కాలికంగా గడిపే ఉపాయమే. రేపు లైసెన్సు పునరుద్ధరణకు వెళ్లినప్పుడు అదే ప్రశ్న మళ్లీ వస్తుంది. బావగారిని భాగస్వామిగా చేర్చుకుంటానన్నావు, ఆ మాట ముందే తేల్చుకో. భాగస్వామ్య పత్రంలో ఉన్నవారందరి వివరాలూ లైసెన్సు ఇచ్చేవారికి తెలిసి ఉండాలి, తరువాత ఎవరు చేరినా, ఎవరు విడిపోయినా తెలియజేయాలి.

1884 చట్టంలోని 6ఎ సెక్షన్ కొందరిని పూర్తిగా దూరం పెట్టింది. పద్దెనిమిదేళ్లు నిండనివారు పేలుడు పదార్థాన్ని తయారుచేయకూడదు, దగ్గర ఉంచుకోకూడదు, అమ్మకూడదు, రవాణా చేయకూడదు. వారికి అమ్మడమూ, అందించడమూ నేరమే. హింస లేదా నైతిక భ్రష్టత్వానికి సంబంధించిన నేరంలో ఆరు నెలలు లేదా అంతకంటే ఎక్కువ శిక్ష పడినవారికి, శిక్ష ముగిసిన తరువాత కూడా ఐదేళ్ల వరకు ఇదే నిషేధం వర్తిస్తుంది. నీ దగ్గర చేరిన సహాయకుడు చురుకైన కుర్రవాడని చెప్పావు. అతని వయసు రుజువు చూడకుండా సరుకు దగ్గరికి రానివ్వకు.

కొనే రోజు ఏం జరుగుతుందో కూడా తెలుసుకో. ముందు ఆర్‌ఈ-11 అనే నమూనాలో ఇండెంట్, అంటే సరుకు కోరే పత్రం, పెట్టాలి. ఎంత సరుకు, ఏ తరగతి, ఏ లైసెన్సు నంబరు అన్నవి అందులో ఉంటాయి. అమ్మేవాడు నీ లైసెన్సు గడువు, మిగిలిన పరిమాణం చూసుకుని సరుకుతో పాటు ఆర్‌ఈ-12 పాసు ఇస్తాడు. దారిలో ఏ చెక్‌పోస్టు దగ్గర ఆపినా చూపవలసింది ఆ పాసునే. నువ్వు స్వయంగా వెళ్లలేకపోతే, వెళ్లే మనిషి పేరుతో, ఫొటోతో, నీ సంతకంతో అధికార పత్రం ఇచ్చి పంపు. సంతకం లైసెన్సు మీద ఎలా ఉందో ఇండెంట్ మీద కూడా అలాగే ఉండాలి. తొందరలో పొట్టి సంతకం గీకే అలవాటు నీకు ఉంది, ఈ పనిలో దాన్ని మానుకో. పేలుడు పదార్థాల రవాణాకు అనుమతి పొందిన వ్యాను మాత్రమే వాడాలి. పొద్దుగూకిన తరువాత ఎక్కించడం, దించడం పెట్టుకోకు. రైల్లో ఒక చిన్న సంచి తెస్తే ఎవరికి తెలుస్తుందిలే అనే మాట కూలీల నోట వింటావు. 1989 రైల్వే చట్టం ప్రకారం ప్రమాదకర సరుకును అక్రమంగా రైల్లో తెస్తే మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. పైగా విజయవాడ జంక్షన్‌లో ఆ సంచి అంటుకుంటే జరిగేది ఊహించడానికే భయం వేస్తుంది.

గన్‌పౌడర్‌కు డిటోనేటర్ అక్కర్లేదు, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే మ్యాగజైనులో ఇనుప పనిముట్లు వాడరు, మేకులు ఉన్న చెప్పులతో లోపలికి వెళ్లరు, ఫోను బయటే పెడతారు. పిడుగు తీగను ఏటా పరీక్ష చేయించి, ఆ కాగితం తనిఖీకి అందుబాటులో ఉంచాలి.

నీకు నేను గట్టిగా చెప్పదలచినది స్టాకు పుస్తకం గురించే. లైసెన్సు తెచ్చుకోవడం ఒకసారి పడే శ్రమ, లెక్క రోజూ పడవలసిన శ్రమ. వచ్చిన ప్రతి కిలో ఏ తేదీన, ఏ పాసు మీద వచ్చింది, ఏ తేదీన, క్వారీలో ఏ వైపు రాతి ముఖంలో, ఎన్ని రంధ్రాలకు, ఎవరి చేతి మీదుగా ఖర్చయింది అన్నది అదే రోజు సాయంత్రం రాయాలి. వారానికి ఒకసారి కూర్చుని అందంగా ఒకే సిరాతో రాసిన పుస్తకాన్ని తనిఖీ అధికారి చూడగానే గుర్తుపడతాడు. నాకు తెలిసిన ఒక క్వారీ యజమానికి లైసెన్సు, మ్యాగజైను, కాపలా అన్నీ సక్రమంగానే ఉన్నాయి. పేలకుండా మిగిలిన మందును లెక్కలోకి తిరిగి రాయకపోవడంతో పుస్తకంలోని నిల్వకూ గదిలోని నిల్వకూ పొంతన కుదరక, ఆయన ఎంతో కాలం విచారణల చుట్టూ తిరిగాడు. తేడా ఎక్కువ రావడమూ తక్కువ రావడమూ రెండూ తప్పే. తక్కువ వస్తే దాచకుండా వెంటనే పోలీసు స్టేషనులోనూ, లైసెన్సు ఇచ్చిన అధికారికీ తెలియజేయాలి.

లైసెన్సు లేకుండా మందు దగ్గర ఉంచుకుంటే 1884 చట్టం కింద రెండేళ్ల వరకు జైలు లేదా 3,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మన మిర్చి యార్డులో క్వింటాలు మిర్చి వెల ముందు ఆ జరిమానా ఏపాటిదని నవ్వేవాళ్లను చూశాను. వాళ్లు 1908 నాటి మరో పేలుడు పదార్థాల చట్టాన్ని మరచిపోతారు. అనుమానాస్పద పరిస్థితిలో పేలుడు పదార్థం దొరికితే, అది చట్టబద్ధమైన పని కోసమేనని చూపించుకోవలసిన బాధ్యత దొరికినవాడిదే, చూపలేకపోతే పదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. బిల్లు లేకుండా సగం ధరకు ఇస్తానని వచ్చేవాడు నీకు అంటగట్టేది ఆ బాధ్యతనే. ఎరువుల పేరుతో అమ్మోనియం నైట్రేట్ తెచ్చి కలుపుకుందామనే ఆలోచన ఎవరైనా చెబితే అసలు వినకు. 2012 నుంచి దానికీ విడిగా నియమాలు, లైసెన్సు ఉన్నాయి.

నువ్వు అడిగిన రెండో సంగతి, తాతగారి పాత తుపాకిలో వాడటానికి కాస్త మందు పక్కన పెట్టుకోవచ్చునా అని. కూడదు. ఆ తుపాకి 1959 ఆయుధాల చట్టం కిందకు వస్తుంది. దాని మందును ఆ లైసెన్సు మీద, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గర, అందులో రాసిన పరిమాణంలోనే కొనాలి. క్వారీ పని పేరుతో కొన్న సరుకును అందులోకి మళ్లించడం రెండు లైసెన్సులనూ ప్రమాదంలో పడేస్తుంది. పైగా తాతగారు పోయారు, లైసెన్సు ఆయన పేరున ఉంది. వారసుడిగా నీ పేరున లైసెన్సు వచ్చేదాకా ఆ తుపాకి పోలీసు స్టేషనులో గానీ, డీలరు దగ్గర గానీ జమ ఉండాలి. ఇప్పటికీ ఇంటి అటక మీదే ఉంటే ఈ వారంలోనే ఆ పని చెయ్యి.

ఇంతా రాశాక నా సొంత అభిప్రాయం కూడా విను. మొదటి ఏడాది నువ్వు మందు కొనకు. లైసెన్సు, మ్యాగజైను, అర్హత గల బ్లాస్టర్ ఉన్న కాంట్రాక్టరుకు పని అప్పగించి, అతని కాగితాలన్నీ నీ కళ్లతో చూసి, ప్రతులు తీసి పెట్టుకో. అతని లైసెన్సు గడువు మార్చి 31తో ముగిసిపోయి ఉండవచ్చు, ఏప్రిల్‌లో పని మొదలుపెట్టే ముందు తప్పక చూడు. దిమ్మెలుగా తీయదగిన రాయి అయితే చీమకుర్తి క్వారీలలో వజ్రపు తీగ రంపాలతో కోసే తీరు వెళ్లి చూసిరా. ఉబ్బే రసాయనపు పొడిని రంధ్రాలలో పోసి రాయి చీల్చే పద్ధతి కూడా ఉంది, దానికి పేలుడు పదార్థాల లైసెన్సు అక్కర్లేదు. ఖర్చు ఎక్కువే, పని నిదానమే, కానీ రాయి పగుళ్లు లేకుండా వస్తుంది. ఇంకో మాట, గనుల భద్రతా చట్టం చిన్న రాతి క్వారీలకు మినహాయింపు ఇస్తూ పెట్టిన షరతుల్లో పేలుడు పదార్థం వాడకపోవడం ఒకటి. అంటే మందు కొన్న రోజునే నీ క్వారీ బాధ్యతలు పెరుగుతాయి, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకో.

లీజు ప్రతి, సర్వే పటం, నీ పాన్, ఆధార్ ప్రతులు ముందుగా నాకు పంపు. పేర్లు, దూరాలు నేను సరిచూసి చెప్పిన తరువాతే నిరభ్యంతర పత్రానికి దరఖాస్తు పెట్టు. మీ అత్తయ్య నిన్నూ అమ్మాయినీ అడిగినట్లు చెప్పమంది.

ఇట్లు,
మీ మామయ్య