టాప్ స్కోరర్ పక్కన రైట్ వింగ్ ఆడినవాడి మాట

"ఒక ఫుట్‌బాల్ జట్టు తన టాప్ స్కోరర్ మీద మరీ ఎక్కువగా ఆధారపడుతోందని ఎలా తెలుస్తుంది? సునీల్ ఛెత్రి రిటైరయ్యాక మన భారత జట్టుకి పట్టిన గతి అదేనా?" అని ప్రశ్న.

మొత్తం గోల్స్‌లో అతనివి ఎన్ని, శాతం ఎంత అని లెక్కలు తీసేవాళ్ళు తీస్తారు. నాకు వాటి మీద పెద్ద నమ్మకం లేదు. మ్యాచ్ చూసేటప్పుడు గోల్స్ కొట్టేవాణ్ణి వదిలేసి మిగతావాళ్ళ తలకాయలు చూడండి. బంతి కాళ్ళ దగ్గరికి రాగానే ఆ తలలు గోల్ పోస్టు వైపు తిరుగుతున్నాయా, ఆ ఒక్కడి కోసం వెతుకుతున్నాయా? వెతుకుతుంటే ఆ జట్టు పని అయిపోయినట్టే. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, అలా వెతికి చేతికందిన కప్పు పోగొట్టినవాణ్ణి నేనే.

1999 ఎండాకాలం. మాది విజయవాడ సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్స్ కుర్రాళ్ళ జట్టు. సగం మందిమి ఇంటర్ పరీక్షలు రాసేసి ఖాళీగా ఉన్నాం. నేను రైట్ వింగ్, అంటే కుడి అంచున పరిగెత్తేవాణ్ణి. మా సెంటర్ ఫార్వర్డ్, అంటే అందరికంటే ముందుండి గోల్స్ కొట్టేవాడి పేరు ఇక్కడ రాస్తే వాడు ఊరుకోడు, చొక్కా మీదున్న తొమ్మిదో నంబరుతోనే పిలుద్దాం. తొమ్మిది మామూలోడు కాదు. మేమంతా స్టడ్స్ ఉన్న బూట్లు కొనిపెట్టమని ఇంట్లో ఏడుస్తుంటే, వాడు బొటనవేలి దగ్గర చిరిగిన కాన్వాస్ బూట్లతో ఎడమకాలితో కొట్టేవాడు, బంతి వెళ్ళి పోస్టు మూలన దూరేది. మాకు ఆట నేర్పే మాస్టారు లోకోషెడ్‌లో డ్యూటీ దిగి, చేతుల గ్రీజు కూడా పూర్తిగా వదలకుండానే గ్రౌండుకి వచ్చేసేవారు. ఆయన వ్యూహం మొత్తం ఒక్క ముక్క: "బంతి వాడికిచ్చెయ్యండ్రా, తర్వాత సంగతి వాడు చూసుకుంటాడు."

ఆయన్ని తప్పు పట్టను. ఆ ముక్కతోనే ఫైనల్ దాకా వెళ్ళాం. కానీ మా ప్రాక్టీసు ఎలా ఉండేదో చెప్పాలి. షూటింగ్ ప్రాక్టీసు అంటే తొమ్మిది కొట్టడం, మేము గోల్ వెనకాల నిలబడి బంతులు ఏరడం. ఉన్నవి రెండే బంతులు. గోల్ వెనకే మురుగుకాలవ. అందులో పడ్డ బంతిని తీసి, గడ్డిలో దొర్లించి, మళ్ళీ వాడి కాళ్ళ దగ్గరికి పంపాలి. ఆ వేసవి మొత్తం మీద నేను ప్రాక్టీసులో గోల్ మీదకి ఒక్క షాట్ కొట్టిన గుర్తు లేదు. కాలవలోంచి బంతి తియ్యడంలో మాత్రం నన్ను మించినవాడు లేడు.

ఫైనల్ గుంటూరులో. పాసింజర్ ఎక్కాం. రైలు కృష్ణ వంతెన మీదకి రాగానే తలా ఒక రూపాయి నీళ్ళలోకి విసిరాం. తర్వాత మాటల్లో తెలిసింది, అందరి మొక్కూ ఒకటేనట: తొమ్మిది కాలికి ఏమీ కాకూడదని. పదకొండు మంది జట్టు ఒక్క కాలికి మొక్కుకుంది!

గ్రౌండు మధ్యలో సిమెంటు క్రికెట్ పిచ్. మన ఊళ్ళలో ఫుట్‌బాల్‌కి విడిగా గ్రౌండు ఎవడిస్తాడు? క్రికెట్ వాళ్ళు మ్యాటు చుట్టి పక్కన పడేసి, "ఆరింటికల్లా ఖాళీ చెయ్యాలి" అని హెచ్చరించి మరీ వెళ్ళారు. ఆ సిమెంటు మీద పడితే మోకాలి మీద తోలు మిగలదు. హాఫ్ టైముకి 1-1. మా గోల్ కొట్టింది ఎవరో చెప్పక్కర్లేదు కదా. నిమ్మచెక్కలు ఉప్పులో అద్దుకుని చప్పరిస్తుంటే అవతలి వైపు గుంటూరు కుర్రాళ్ళు గుండ్రంగా చేరి ఏదో మంతనం చేశారు. సెకండాఫ్ మొదలవగానే తొమ్మిదికి ముందొకణ్ణి, వెనకొకణ్ణి అంటించేశారు. వాడు నీళ్ళు తాగడానికి పక్కకెళ్ళినా ఇద్దరూ వెంటే.

ఇంకో ఐదారు నిమిషాలుందనగా వెనక గోల్ కాసే మా స్టాపర్ బ్యాక్ కళ్ళు మూసుకుని ఒక్క తన్ను తన్నాడు. బంతి ఆ సిమెంటు అంచున పడి, వాళ్ళ లెఫ్ట్ బ్యాక్ నెత్తి మీంచి లేచి, సరిగ్గా నా ముందుకొచ్చింది. పరిగెత్తాను. ఎదురుగా గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు. అతను నా మీదకి ఉరికాడు, కంకరలో కాలు జారి ఒక పక్కకి ఒరిగిపోయాడు. గోల్‌లో ఎడమ సగం ఖాళీ. నెట్ కూడా కట్టలేదు. రెండు కర్రల మధ్య నుంచి వెనకనున్న సోడా బండి, దాని మీద వరసగా పేర్చిన గోళీసోడాలు కనిపిస్తున్నాయి. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆకుపచ్చగా ఆ సీసాలే. పది అడుగుల దూరం. కాలు తగిలిస్తే చాలు.

నేను తలెత్తి తొమ్మిది ఎక్కడున్నాడా అని చూశాను.

పెనాల్టీ స్పాట్ దగ్గరున్నాడు. అటొకడు ఇటొకడు. ఒక చెయ్యి తొడ మీద, రెండో చెయ్యి పైకెత్తి ఊపుతున్నాడు. అడుగుతున్నాడు కదా అని ఇచ్చేశాను. బంతి వాడిదాకా కూడా వెళ్ళలేదు. ఆ ఇద్దరిలో ఒకడు అడ్డమొచ్చి బలంగా తన్నాడు, అది నాలుగు కాళ్ళు మారి మా గోల్‌లో తేలింది. 2-1.

తిరుగు రైల్లో తొమ్మిదితో ఎవరూ మాట్లాడలేదు. "అంత మంచి పాస్ ఇస్తే కదల్లేదు చూడు" అని వెనక సీట్లో గుసగుసలు. మాస్టారు నా భుజం తట్టి "నీ పని నువ్వు చేశావురా" అన్నారు. తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణేమో. ఒకడి మీద ఆధారపడటంలో ఉన్న సుఖం ఇదే: గెలిస్తే అందరం గెలిచాం, ఓడితే వాడు ఓడించాడు.

విచిత్రం ఏమిటంటే, అంతకుముందు ఏడాదే మేమంతా ప్రపంచకప్ ఫైనల్ చూశాం. అర్ధరాత్రి దాటాక, ఒకే టీవీ ముందు, క్వార్టర్స్ కుర్రాళ్ళందరం. ఆ రోజు బ్రెజిల్ స్టార్ రొనాల్డోకి ఫిట్స్ వచ్చాయి, ముందు జట్టులోంచి పేరు తీసేశారు, చివరి నిమిషంలో మళ్ళీ చేర్చారు, బ్రెజిల్ 3-0తో చిత్తయింది. నెల రోజులు రొనాల్డో గురించే చెప్పుకున్నాం. గెలిచిన ఫ్రాన్స్ సెంటర్ ఫార్వర్డ్ గివార్ష్ ఆ టోర్నీలో ఒక్క గోల్ కూడా కొట్టలేదన్న సంగతి ఒక్కడికీ పట్టలేదు. సెమీస్‌లో క్రొయేషియా మీద రెండు గోల్స్ కొట్టింది తురామ్ అనే డిఫెండర్. దేశం తరఫున 142 మ్యాచ్‌లు ఆడినవాడు, మొత్తం మీద కొట్టినవి ఆ రెండే! 2018లోనూ అంతే, సెంటర్ ఫార్వర్డ్ జిరూ ఒక్కటీ కొట్టకుండానే ఫ్రాన్స్ కప్పు ఎత్తింది. గోల్స్ కొట్టే హ్యారీ కేన్ ఉన్నన్నాళ్ళూ లండన్ క్లబ్ టాటెన్‌హామ్‌కి కప్పు లేదు, అతను 2023లో జర్మనీ వెళ్ళిపోయాక 2025లో యూరప్ క్లబ్బుల టోర్నీ యూరోపా లీగ్ గెలిచారు. అదే సీజన్ ఇంగ్లండ్ లీగ్‌లో 17వ స్థానంలో తేలారు కదా అని ఎవరైనా అంటే, అది వేరే చర్చ.

ఇక ఛెత్రి. 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో 0-0 ఆడి, దేశం తరఫున 94 గోల్స్ దగ్గర రిటైరయ్యాడు. ఆ ఏడాది మన జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అతను లేకే అని అందరూ అంటారు. అతను ఉండగానే ఆ జనవరిలో, ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడాం, ఒక్క గోల్ లేకుండా. మరి దానికేమంటారు? 2025 మార్చిలో నలభై ఏళ్ళ మనిషిని మళ్ళీ జట్టులోకి తెచ్చారు. మాల్దీవుల మీద గోల్ కొట్టాడు. వారం తిరక్కుండా బంగ్లాదేశ్‌తో 0-0. ఒక్కడు ఎన్నని కొడతాడు? మన దేశపు లీగ్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) క్లబ్బులేమో ఏళ్ళ తరబడి సెంటర్ ఫార్వర్డ్ స్థానం ఎక్కువగా విదేశీ ఆటగాళ్ళకిచ్చి, మన కుర్రాళ్ళని వింగ్‌లోకి తోస్తున్నాయి. అంటే దేశం మొత్తం గోల్ వెనకాల బంతులు ఏరుతోందన్నమాట. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మన హైదరాబాద్ కోచ్ రహీం సాబ్, తలకి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని గోల్స్ కొట్టడానికి ముందుకి పంపాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద జర్నైల్ కూడా ఒక గోల్ కొట్టాడు, బంగారం వచ్చింది. అలాంటి గుండె ఇప్పుడెవరికుంది?

ఇది ఒక్క ఫుట్‌బాల్‌కి పట్టిన జబ్బు కూడా కాదు. బెంజి సర్కిల్ దగ్గర నిలబడి తలెత్తండి, జూనియర్ కాలేజీల హోర్డింగుల నిండా ర్యాంకులే. మా అమ్మాయి చదివిన కాలేజీలో, పేరు వద్దులెండి, ర్యాంకు తెచ్చేవాళ్ళకి ప్రత్యేకంగా ఒక సెక్షన్. మంచి లెక్చరర్లు ఆ గదిలోకే వెళ్ళేవారు. మా పిల్ల సెక్షన్‌కి ఫిజిక్స్ చెప్పడానికి ఏడాదిలో ముగ్గురు మారారు. ఫీజులో మాత్రం పైసా తగ్గించలేదు. గ్రౌండు ఏదండీ అని అడిగితే కింద పార్కింగు చూపించారు.

మొన్న సంక్రాంతికి తొమ్మిది ఊరొచ్చాడు. పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. గాంధీనగర్‌లో టీ తాగుతూ ఇరవయ్యేళ్ళకి పైగా కడుపులో ఉన్నది కక్కేశాను. నీ తప్పు కాదురా, నేను కొట్టాల్సిన బంతి అది, నువ్వు చెయ్యి ఎత్తేసరికి నీకిచ్చేశాను అన్నాను.

వాడు గ్లాసు కింద పెట్టి నా వంక అదోలా చూశాడు. "తొడ పట్టేసి అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నానురా. ఆ చెయ్యి ఊపింది బంతి ఇవ్వమని కాదు. నా వైపు చూడొద్దు, కొట్టెయ్ అని."