ఆటమ్ ఎడిటర్‌ను నచ్చినట్టు మార్చుకోవచ్చంటారు, అదెలా? ఇప్పుడు వాడొచ్చా?

ఆటమ్ అనేది కోడ్ రాసుకునే టెక్స్ట్ ఎడిటర్, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ సంస్థ తయారుచేసింది. 2014లో వచ్చింది, అదే ఏడాది ఎంఐటీ లైసెన్స్‌తో ఓపెన్ సోర్స్ అయింది, అంటే దాని కోడ్‌ను ఎవరైనా చూసి మార్చుకోవచ్చు. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడిచేది.

దీని గొప్పతనమంతా నిర్మాణంలోనే ఉంది. పైకి మామూలు సాఫ్ట్‌వేర్‌లా కనిపించినా, లోపల అదొక వెబ్ పేజీ. అందుకే వెబ్ పేజీల రంగులు, రూపం నిర్ణయించే సీఎస్ఎస్ భాష కాస్త తెలిస్తే చాలు, రూపం మొత్తం మీ చేతిలో ఉంటుంది. మెనూలో స్టైల్‌షీట్ (విండోస్‌లో ఫైల్ మెనూలో, మ్యాక్‌లో ఆటమ్ మెనూలో, లైనక్స్‌లో ఎడిట్ మెనూలో) నొక్కితే ఒక ఫైల్ తెరుచుకుంటుంది. అందులో కర్సర్ రంగు ఎరుపు అని రాసి సేవ్ చేయండి, ఎడిటర్‌ను మూసి తెరవకుండానే కర్సర్ ఎర్రగా మారిపోతుంది. ఏ భాగానికి ఏ పేరుందో తెలియకపోతే, బ్రౌజర్‌లో లాగే డెవలపర్ టూల్స్ తెరిచి చూసుకోవచ్చు. నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి ప్రయోగశాల నాకు కనిపించలేదు. కొత్త సదుపాయాలు కావాలంటే అదనంగా చేర్చుకునే ప్యాకేజీలు ఉండనే ఉన్నాయి.

లోపమల్లా వేగమే. పెద్ద ఫైళ్లు తెరిస్తే బాగా నెమ్మదించేది, మెమరీ ఎక్కువ తినేది.

2022 డిసెంబర్ 15న గిట్‌హబ్ దీన్ని ఆపేసింది. సెక్యూరిటీ అప్‌డేట్లు రావు కాబట్టి పాత ఆటమ్‌ను ఇప్పుడు ఇన్‌స్టాల్ చేయొద్దు. అదే కోడ్ మీద వాడుకరులు నడిపిస్తున్న పల్సర్ అనే ఎడిటర్ తీసుకోండి. వెబ్ పేజీని ఇలా సాఫ్ట్‌వేర్‌లా నడిపించే ఎలక్ట్రాన్ ఆటమ్ కోసమే పుట్టింది, ఈరోజు వీఎస్ కోడ్ అనే ఎడిటర్ కూడా దాని మీదే నడుస్తోంది.