నాటే చెట్టు జాతిని బట్టి నేలలోని చిన్న జీవులు మారతాయా?

మారతాయి, అదీ గట్టిగానే. ఒకే నేలలో పక్కపక్కనే వేరు జాతుల చెట్లు నాటినా, కొన్ని దశాబ్దాలకు వాటి కింద బతికే జీవులు వేరువేరుగా తయారవుతాయి.

అన్నిటికన్నా పెద్ద కారణం రాలిన ఆకు. పోలండ్‌లోని సీమియానిత్సె అడవిలో 1970, 1971లలో 14 జాతుల చెట్లను విడివిడి మడుల్లో నాటారు. దాదాపు 30 ఏళ్ల తర్వాత చూస్తే, ఆకుల్లో కాల్షియం ఎక్కువగా ఉండే మేపుల్, లిండెన్ లాంటి చెట్ల కింద వానపాములు ఎక్కువ, నేలలో ఆమ్లత్వం తక్కువ. నాకు ఇందులో బాగా నచ్చే విషయం ఏమిటంటే, ఇది ఒకవైపు సాగే ప్రభావం కాదు. ఆ ఆకుల వల్ల వానపాములు పెరుగుతాయి, అవి ఆకుల్ని మట్టిలోకి లాగి కలిపేస్తాయి, దాంతో నేల ఇంకా మారుతుంది.

నత్తల గుల్లకూ, రోకలిబండ పురుగుల పెంకుకూ కూడా కాల్షియం కావాలి.

పైన్, స్ప్రూస్ చెట్ల సూదుల్లాంటి ఆకులు మెల్లగా కుళ్లుతాయి. నేల మీద మందమైన పొర పేరుకుంటుంది, అందులో శిలీంధ్రాలు అల్లుకుంటాయి. అక్కడ వానపాములు తగ్గినా, శిలీంధ్రాలు తినే సూక్ష్మమైన మైట్లు (సాలీడు జాతికి దగ్గరి చిన్న పురుగులు), స్ప్రింగ్‌టెయిల్స్ (రెక్కల్లేని, గెంతే చిన్న పురుగులు) బోలెడు ఉంటాయి. కాబట్టి అలాంటి తోట కింద నేలను "చచ్చిన నేల" అనడం తప్పు.

ఆకు ఒక్కటే కాదు, నీడ, తేమ, వేర్లు విడిచే చక్కెరలు కూడా లెక్కలోకి వస్తాయి. గతంలో దున్నిన పొలమైతే ఆ ప్రభావం చాలా ఏళ్లు కనిపిస్తుంది.