ఆటలో పంట పండుతోంది, చేతిలో డబ్బే నిలవడం లేదు

ప్రశ్న: నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. సాయంత్రాలు ఫోన్లో స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం ఆట ఆడుతుంటాను. అదే ఆటలో మా చెల్లికి ఇప్పటికే పెద్ద పొలం, గ్రీన్‌హౌస్ ఉన్నాయి. నాకేమో ప్రతిసారీ వేసవి సగానికొచ్చేసరికి చేతిలో నాణెం ఉండదు. వసంతంలో మంచి ధర పలుకుతుందని కాలీఫ్లవర్ వేశాను. వచ్చిన డబ్బులో 2,000 పెట్టి పెద్ద బ్యాగు కొన్నాను. బ్లూబెర్రీ వేసేసరికి వేసవి 15వ తేదీ అయింది. "ఆటలోనే లెక్క కుదరనివాడివి, రేపు పొలం ఏం చూస్తావురా" అంటున్నారు నాన్నగారు. ఆట ప్రశ్నే కదా అని పక్కన పెట్టకండి.

జవాబు: పక్కన పెట్టే ప్రశ్న కాదండీ ఇది. ఉన్న కాస్త మదుపు ఎందులో పెట్టాలి, అది ఎన్నాళ్లకు తిరిగొస్తుంది, ఈలోగా ఎలా గడుస్తుంది అన్నదే మీ బాధ. నా దగ్గరకొచ్చే రైతు కుటుంబాల్లో చాలామంది అడిగేదీ ఇదే.

మీరు అమ్మకం ధర చూసి పంటను ఎంచుకున్నారు. దెబ్బ తగిలింది అక్కడే. ఆట మొదట్లో మీ చేతిలో 500 నాణేలుంటాయి. కానుకగా వచ్చే 15 పార్స్‌నిప్ (ముల్లంగిలాంటి దుంప) విత్తనాలను వదిలేసి లెక్క వేద్దాం. కాలీఫ్లవర్ విత్తనం 80, పంట 175, గడువు 12 రోజులు. 500తో ఆరు మొక్కలు వస్తాయి. 12 రోజుల తర్వాత, మిగిలిన 20 కలుపుకొని మీ దగ్గరుండేది 1,070. పార్స్‌నిప్ విత్తనం 20, పంట 35, గడువు నాలుగే రోజులు. మొదటి విడతకు 25 మొక్కలు వేస్తే 875 అవుతుంది. దాంతో 43 వేస్తే చేతిలో ఉన్న 15తో కలిపి 1,520. మళ్లీ 76 వేస్తే 2,660. అవే 12 రోజులు, అవే 500 నాణేలు. చవక పంట రెండింతలకు పైగా తెచ్చింది, ఎందుకంటే డబ్బు మూడుసార్లు తిరిగింది.

అలాగని కాలీఫ్లవర్ చెడ్డ పంట కాదు. 76 మొక్కలకు నీళ్లు పోయాలంటే రోజుకు 152 శక్తి ఖర్చవుతుంది. మొదట్లో మీకు రోజుకు ఉండేది 270. ఇంకాస్త పెంచితే చేపలు పట్టడానికి, గనిలోకి దిగడానికి ఓపిక మిగలదు. అప్పుడు మడికి, అంటే ఒక్క మొక్క పట్టే గడికి, ఎంత వస్తుందో చూసుకోవాలి. 12 రోజుల్లో ఒక మడిలో కాలీఫ్లవర్ 95 మిగిలిస్తే పార్స్‌నిప్ మూడు విడతలకూ కలిపి 45 మిగులుస్తుంది. కాబట్టి డబ్బు తక్కువగా ఉన్నన్నాళ్లు ప్రతి నాణెం ఎంత తెస్తుందో చూడండి. డబ్బు చేరి, ఓపిక చాలనప్పుడు ప్రతి మడి ఎంత తెస్తుందో చూడండి. మీరు రెండో దశలో వేయాల్సిన పంటను మొదటి దశలో వేశారు.

వసంతం 13న గుడ్ల పండగ ఉంటుంది. స్ట్రాబెర్రీ విత్తనం అక్కడ 100కి అమ్ముతారు. ఆ రాత్రే నాటి, రోజూ నీళ్లు పోస్తే 21న, 25న రెండు కోతలు వచ్చి మొక్కకు 240 వస్తుంది. కానీ పండగ రోజు ఊళ్లో విత్తనాలమ్మే, పంట కొనే పియర్ కొట్టు మూసి ఉంటుంది. పొలం దగ్గరి అమ్మకం పెట్టెలో వేసిన సరుకుకు డబ్బు మర్నాడు పొద్దున గానీ రాదు. అంటే 13న కోసిన పంట 13న అక్కరకు రాదు. అందుకే 9వ తేదీ కోత డబ్బును మొత్తం విత్తనాల్లో పోయకుండా సగం నగదుగా ఉంచుకోండి. మిగతాది చేపల మీద సంపాదించుకోవచ్చు, వాటికి పెట్టుబడే అక్కర్లేదు.

బ్యాగు కొనడం దుబారా కాదు. పనికొచ్చే వస్తువే. విత్తనాలకు ఉంచాల్సిన డబ్బుతో కొనడం వల్లే ఇబ్బంది వచ్చింది. బ్లూబెర్రీ వేసవి 1న వేసి ఉంటే 14, 18, 22, 26 తేదీల్లో నాలుగు కోతలు, కోతకు మూడేసి కాయలు, కాయ 50. విత్తనానికి పెట్టిన 80కి 600 వచ్చేది. 15న వేశారు కాబట్టి 28న ఒక్క కోత, 150. మర్నాడు రుతువు మారి మొక్కలు ఎండిపోయాయి. మొక్కకు 450 చొప్పున పోయింది. మీకు తగిలిన పెద్ద నష్టం ఇదే, కాలీఫ్లవర్ కాదు.

ఇక అసలైన రాబడి గురించి. ఫార్మింగ్ (ఆటలో సేద్యం నైపుణ్యం) నాలుగో స్థాయికి చేరగానే ప్రిజర్వ్స్ జార్, అంటే పండ్లతో జామ్ చేసే జాడీ, చేసుకోవడం వస్తుంది. 50 కలప, 40 రాళ్లు, 8 బొగ్గు చాలు, నాణేలు అక్కర్లేదు. అందులో వేసిన పండు మామూలు ధరకు రెట్టింపు, పైన 50 పలుకుతుంది. 50 బ్లూబెర్రీ 150 అవుతుంది, 250 మెలన్ 550 అవుతుంది. జార్లు తక్కువగా ఉంటే మెలన్‌కే ఇవ్వండి, ఒక్కో విడతకు అదనంగా వచ్చేది 100 కాదు, 300. ఎనిమిదో స్థాయిలో వచ్చే కెగ్ (పండ్లతో వైన్ చేసే పీపా) పండు ధరను మూడింతలు చేస్తుంది గానీ దాదాపు వారం పడుతుంది. కోనసీమలో పుట్టినవారికి ఇది వేరే చెప్పాలా? దింపు తీసిన కొబ్బరికాయను అప్పుడే అమ్మేసే రైతూ, అది లోపలే ఎండి కురిడీ అయ్యేదాకా నెలల తరబడి అటక మీద ఉంచే రైతూ ఇద్దరూ మీ ఊళ్లోనే ఉంటారు. ఆగగలిగినవాడికే కురిడీ ధర. ఆగాలంటే ఇంటి ఖర్చుకు వేరే డబ్బుండాలి. కెగ్గులు పెట్టేటప్పుడూ అంతే, పంటలో కొంత పచ్చిగా అమ్మి విత్తనాల డబ్బు చేతిలో పెట్టుకోండి. అయిదో స్థాయిలో ఆట ఒక వృత్తిని ఎంచుకోమంటుంది, టిల్లర్‌ను ఎంచుకోండి. అది తీసుకుంటేనే పదో స్థాయిలో ఆర్టిజన్ అనే వృత్తి దొరుకుతుంది, అప్పుడు తయారీ సరుకుకు 40 శాతం ఎక్కువ వస్తుంది.

మీ చెల్లి గ్రీన్‌హౌస్ రహస్యం కూడా పొదుపే. ఆటలోని ఊళ్లో ఉండే కమ్యూనిటీ సెంటర్‌లో పాంట్రీ బండిల్స్ (అడిగిన పంటలు, సరుకులు తెచ్చి ఇచ్చే జాబితాలు) పూర్తి చేస్తే అది వస్తుంది. ప్రతి రుతువులో ప్రతి పంటనూ ఒక్కొక్కటి అమ్మకుండా ఇంట్లో వేరే పెట్టెలో దాచుకోండి.

ఈ ఆటలో నాకు బాగా నచ్చిందేమిటంటే, ఒకసారి కొన్నాక లోపల నాణేలు కొనమని అడగదు. ఫోన్లో పొలం ఆటలు కొన్ని తొందర పెట్టి వజ్రాలు అమ్ముతాయి. వాటికి మాత్రం రూపాయి కూడా పెట్టకండి.

నాన్నగారి మాట గురించి కూడా చెప్పాలి. లెక్క నేర్చుకుంటే వచ్చేదే, మీకు కుదరదనడం సరి కాదు. కానీ ఆయన భయం నిజమైనది. ఆటలో ఎన్ని బ్లూబెర్రీలు అమ్మకం పెట్టెలో పోసినా ధర తగ్గదు. డెల్టాలో దాళ్వా ధాన్యం అందరిదీ ఒకేసారి కళ్లానికొస్తే ధర ఒత్తిడిలో పడుతుంది. సార్వా కోతలకు ముందే తుపాను రావచ్చు, 1996 నవంబరులో కోనసీమ కొబ్బరి తోటలు ఎలా నేలకొరిగాయో ఆయన్ను అడిగితే చెబుతారు. పంట పోయినా కౌలు కట్టాల్సిందే. నాలుగు రోజుల్లో 75 శాతం లాభం ఆ పొలంలో రాదు. ఒక సాయంత్రం ఆయన పక్కన కూర్చుని పోయిన సార్వా లెక్క రాయండి. దమ్ము, నాట్లు, ఎరువులు, కోత, ఏ ఖర్చు ఏ తేదీన పెట్టారు, ధాన్యం డబ్బు ఏ తేదీన చేతికొచ్చింది అని. ఆయన ఎన్ని నెలలు చేతి డబ్బుతో నెట్టుకొస్తారో మీకు కనిపిస్తుంది.

ఆట మళ్లీ మొదలుపెడితే వసంతం 28 నాటికి 2,000 విత్తనాలకే అని తీసి ఉంచండి. వేసవి 1న 25 బ్లూబెర్రీ వేస్తే 26 నాటికి 15,000 వస్తుంది. శరదృతువు 1న ఆ డబ్బుతో క్రాన్‌బెర్రీకి వెళ్లొచ్చు. విత్తనం 240, అయిదు కోతలకు మొక్కకు 750. అప్పటికి 15,000 లేక మూడు నాలుగు వేలే ఉంటే క్రాన్‌బెర్రీ వద్దు. 100 పెట్టి 320 తెచ్చే గుమ్మడి వేయండి, 14న కోసి అదే రోజు మళ్లీ నాటితే 27న రెండో కోత కూడా అందుతుంది.